బూటు భేషుగ్గా ఉంది... పాదం ఏమంటోంది?

మంచం ఎక్కినా బూట్లు విప్పని ప్రియుణ్ణి వెండితెర మీద ఎప్పుడైనా చూశారా? 1986లో వచ్చిన 'షీజ్ గాటా హావ్ ఇట్' అనే అమెరికన్ చిత్రంలో ఉన్నాడు ఒకడు. పేరు మార్స్ బ్లాక్‌మన్. బక్కపలచని మనిషి. ఈ చెంప నుంచి ఆ చెంప దాకా కళ్ళద్దాలు, నెత్తిన సైకిలు టోపీ, కాళ్ళకి చీలమండలు దాటి పైకొచ్చిన ఎయిర్ జోర్డాన్ బూట్లు. ప్రియురాలితో ఏకాంతంగా ఉన్న వేళ కూడా ఆ బూట్లు కాళ్ళనే ఉంటాయి! ఆ వేషం వేసిందీ, సినిమా తీసిందీ ఒక్కరే. స్పైక్ లీ. చేతిలో డబ్బుల్లేక పన్నెండు రోజుల్లో, దాదాపు అంతా నలుపు తెలుపుల్లో చుట్టేసిన బొమ్మ అది. బొమ్మ ఆడింది. 1988 నుంచి నైకీ కంపెనీ ఆ మార్స్‌నే పట్టుకెళ్ళి, అసలు మైకేల్ జోర్డాన్ పక్కన నిలబెట్టి వరసపెట్టి ప్రకటనలు తీసింది.

ఇంతకీ మన ప్రశ్న వేరు. మార్స్‌కి ఆ బూట్లు విప్పబుద్ధి కాకపోవడం సుఖానికా, షోకుకా?

షోకుకే సుమా! సందేహం లేదు. ఈ హైటాప్ బూట్ల వందేళ్ళ కథంతా ఆ రెండక్షరాల మీదే నడిచింది. సుఖం ఎప్పుడో సెకండ్ హీరో. ఇంటర్వెల్ తర్వాత వచ్చి, క్లైమాక్స్‌లో రెండు దెబ్బలు తిని వెళ్ళిపోతూ ఉంటుంది.

సేల్స్‌మన్ సంతకం

నల్ల కాన్వాసు, తెల్ల రబ్బరు ముక్కు, చీలమండ దగ్గర గుండ్రటి బిళ్ళలో నక్షత్రం. ఈ బూటు తెలియని కాలేజీ కుర్రాడు ఉండడు. కన్వర్స్ ఆల్ స్టార్. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం, మాల్డెన్ అనే ఊళ్ళో మార్క్విస్ మిల్స్ కన్వర్స్ అనే ఆసామి 1908లో రబ్బరు బూట్ల ఫ్యాక్టరీ పెట్టాడు. 1917లో బాస్కెట్‌బాల్ కోసమని ఈ ఆల్ స్టార్ తయారైంది. అంటే ఈ బూటు మన తెలుగు టాకీ కన్నా పద్నాలుగైదేళ్ళు పెద్దది!

దీనికి ప్రాణం పోసినవాడు మాత్రం చక్ టేలర్. 1921లో ఉద్యోగంలో చేరాడు. తనూ ఆటగాడే. కారు వెనక డిక్కీలో బూట్లు నింపుకుని, హోటళ్ళలో బస చేస్తూ, ఊరూరా తిరిగి స్కూలు పిల్లలకి బాస్కెట్‌బాల్ పాఠాలు చెప్పేవాడు. పాఠం అయ్యాక ఆ ఊరి కొట్టువాడు బూట్లు అమ్ముకునేవాడు. మన సినిమావాళ్ళు ప్రచారానికి రిక్షాలో మైకు పెట్టి ఊరంతా తిప్పినట్టు, ఆయన తన్ను తాను తిప్పుకున్నాడు. 1930ల్లో కంపెనీవాళ్ళు ఆ నక్షత్రం బిళ్ళ మీద ఆయన సంతకమే అచ్చు వేశారు. కోట్లాది జతల మీద ఆ సంతకం ఊరేగింది. ఆయనకి ఒరిగింది? జీతం, బత్తెం. జతకి ఇంత అని ఒక్క కానీ కూడా లేదు. 1969లో కన్నుమూశాడు. ఈ లెక్క గుర్తుంచుకోండి, కాసేపట్లో ఒక అమ్మగారు దీనికి జవాబు చెబుతారు.

ఆ రోజుల్లో ఇది ఆట బూటే. పైకి ఎందుకు లేపారు? చీలమండ మెలిక పడకుండా పట్టు ఉంటుందని. ఆ బిళ్ళ ఎందుకు? అలంకారానికి కాదు, చీలమండ ఎముకకి కాపుగా. లోపలి పక్కన రెండు చిన్న చిల్లులు? గాలి ఆడటానికి. 1962 మార్చి 2న విల్ట్ చాంబర్లిన్ ఒక్క ఆటలో వంద పాయింట్లు కొట్టిన చరిత్ర ఉందే, ఆ రోజు ఆయన కాళ్ళకున్నవి ఈ కాన్వాసు బూట్లే. అంటే సుఖం కోసమని పుట్టిన భాగాలే తర్వాత షోకు అయి కూర్చున్నాయన్నమాట.

1970ల్లో తోలు బూట్లొచ్చాయి. అడిదాస్, ప్యూమా, ఆ తర్వాత నైకీ. ఆటగాళ్ళు ఒక్కొక్కరే గోడ దూకేశారు. ఆ దశాబ్దం చివరికి పెద్ద లీగులో ఈ కాన్వాసు బూటు దాదాపు మాయం. మామూలుగా అయితే అక్కడ 'శుభం' కార్డు పడాలి.

పడలేదు. సినిమా వచ్చి కాపాడింది.

తెర మీద తొక్కిన దారి

1976లో 'రాకీ'. చేతిలో డబ్బుల్లేని బాక్సరు, చలికాలం తెల్లవారుజామున ఫిలడెల్ఫియా వీధుల్లో పరుగెడతాడు. సిల్వెస్టర్ స్టాలోన్ కాళ్ళకి నల్లటి చక్ టేలర్లు. పరుగుకి అంతకన్నా పనికిరాని బూటు లేదు. కాని ఆ పాత్రకి అంతకన్నా సరైన బూటూ లేదు! పేదవాడి బూటు. ఖరీదైన రన్నింగ్ షూస్ వేసి చూడండి, రాకీ పాత్ర సగం చచ్చిపోతుంది.

2004లో 'ఐ రోబోట్'. కథ జరిగేది 2035లో. ఇల్లంతా యంత్రాలే. హీరో విల్ స్మిత్ ఒక అట్టపెట్టె విప్పుతాడు. అందులో 2004 నాటి నల్ల తోలు కన్వర్స్! పాతకాలపు సరుకని మురిసిపోతూ తొడుక్కుంటాడు. కంపెనీ ప్రకటనే అనుకోండి, అయినా పాత్ర అర్థమైపోయింది. వీడికి కొత్త లోకం గిట్టదు.

2006లో సోఫియా కొప్పోలా 'మేరీ ఆంటొయినెట్' తీసింది. పద్ధెనిమిదో శతాబ్దపు ఫ్రెంచి మహారాణి పట్టు జోళ్ళ గుట్ట మధ్యలో లేత రంగు కన్వర్స్ జత ఒకటి కనిపిస్తుంది. పొరపాటున మిగిలిపోయిందనుకునేరు. కావాలనే పెట్టింది. రాణి అయితేనేం, పద్నాలుగేళ్ళకే అత్తారింటికొచ్చిన పిల్లే కదా అని చెప్పడానికి! ఒక్క మాట లేకుండా ఒక్క బూటుతో చెప్పింది. దర్శకురాలంటే అదీ.

అరికాలి ఫిర్యాదు

సరే, తెర దిగి నేల మీదికొద్దాం. కొత్త చక్ టేలర్ వేసుకుని రోజంతా నడిచినవాణ్ణి సాయంత్రం పలకరించండి. మొహం చూస్తేనే తెలుస్తుంది.

ఆ బూటు నిర్మాణమే అంత. కాన్వాసు గుడ్డ, కింద రబ్బరు అట్ట, చుట్టూ రబ్బరు పట్టీ. అన్నీ జిగురుతో అతికించి, గంధకం కలిసిన ఆ రబ్బరుని వేడి కొలిమిలో ఉడికిస్తారు. 1844లో చార్లెస్ గుడియర్ పేటెంటు తీసుకున్న పద్ధతికి వారసత్వం అది. గట్టిగా అతుక్కుంటుంది, ఏళ్ళ తరబడి ఊడదు. మెత్తదనం మాత్రం అడక్కండి. అరికాలి వంపుకి ఆసరా లేదు. మడమకీ వేళ్ళకీ ఎత్తు తేడా లేదు, చదును. ముందు భాగం ఇరుకు. వెడల్పు పాదం ఉన్నవాడికి చిటికెన వేలు ఏడుస్తుంది. గట్టి కాన్వాసు అంచు మడమ వెనక నరం దగ్గర రాసుకుని బొబ్బ లేపుతుంది. మనవాళ్ళు 'చెప్పు కరిచింది' అంటారే, ఇది చీలమండ ఎత్తున కరుస్తుంది!

అయితే ఆ చదునే కొందరికి వరం. బరువులెత్తే పహిల్వాన్లు జిమ్ముల్లో ఇదే వేసుకుంటారు. మెత్తటి అట్ట బరువు కింద కుంగుతుంది, ఇది కుంగదు. కాలు నేలని గట్టిగా పట్టుకుంటుంది. చక్రాల బల్ల మీద విన్యాసాలు చేసే కుర్రాళ్ళకీ అంతే, పాదం కింద పలక కదలిక తెలియాలి. కనక 'ఈ బూటు మంచిది కాదు' అనడం అన్యాయం. నిలబడేవాడికి మంచిది. నడిచేవాడికి కాదు.

అన్నట్టు ఒక తమాషా. అమెరికాలో అమ్మే కన్వర్స్ కొత్త జత తిరగేసి చూస్తే, రబ్బరు అట్ట మీద పల్చగా నూగులాంటి పొర కనిపిస్తుంది. నాలుగడుగులేస్తే రాలిపోతుంది. ఎందుకుందో తెలుసా? అడుగున గుడ్డ ఉంటే దిగుమతి సుంకం లెక్కలో అది ఇంట్లో తొడుక్కునే స్లిప్పరు కిందికి వస్తుంది, పన్ను తగ్గుతుంది! పాదం సుఖం కన్నా పద్దుల సుఖం మీద పెట్టిన శ్రద్ధ చూడండి.

సుఖం హీరోగా ఒక ఫ్లాప్, ఒక హిట్

ఇప్పుడు అసలు కథ. 2001లో కన్వర్స్ దివాలా తీసింది. 2003లో 30 కోట్ల డాలర్లు పైచిలుకు పెట్టి నైకీ కొనేసింది. నైకీ దగ్గర మెత్తటి అట్టల విద్యకి కొదవేముంది? 1982లోనే బ్రూస్ కిల్‌గోర్ రూపకల్పన చేసిన 'ఎయిర్ ఫోర్స్ 1'తో బాస్కెట్‌బాల్ బూటు మడమలో గాలి నింపిన కంపెనీ అది.

2015 జులైలో బ్రహ్మాండమైన ఆర్భాటంతో 'చక్ 2' విడుదల చేశారు. లోపల నైకీ రన్నింగ్ బూట్లలో వాడే మెత్తటి అట్ట. లేసుల కింద నాలుక పక్కకి జారకుండా ఏర్పాటు, దానికి దిండు. అచ్చు వేసిన నక్షత్రం బదులు కుట్టిన నక్షత్రం. దశాబ్దాలుగా జనం మొత్తుకున్న ఫిర్యాదులన్నీ తీర్చేశారు. సుఖానికి తొలిసారి హీరో వేషం దొరికింది!

ఫలితం? ఆశించినంత ఆడలేదు. కొన్నాళ్ళకి కొట్లలోంచి మెల్లగా తప్పుకుంది.

జనం వంక చెప్పలేదు. కొనలేదు, అంతే. పాత బూటు పక్కన పెడితే కొత్తది మరీ నున్నగా, మరీ బుద్ధిమంతుడిలా కనిపించింది. ముడతలు పడాల్సిన చోట పడదు, నలగాల్సిన చోట నలగదు. పాత పాట ట్యూను మార్చకుండా కొత్త వాయిద్యాలతో మళ్ళీ రికార్డు చేస్తే 'బాగానే ఉంది కానీ...' అంటామే, ఆ 'కానీ'లో చిక్కుకుంది.

చమత్కారం ఏమిటంటే, అంతకు రెండేళ్ళ ముందే, 2013లో, ఇదే కంపెనీ 'చక్ 70' అని ఇంకోటి దించింది. దళసరి కాన్వాసు, ఎత్తయిన రబ్బరు పట్టీ, దానికి కొంచెం పసుపు పచ్చని మీగడ రంగు, పైన మెరుపు. మడమ మీద పాతకాలపు నల్ల బిళ్ళ. 1970ల నాటి బూటు అటక మీంచి దించినట్టుంటుంది. లోపల అట్ట మాత్రం మామూలు చక్ కన్నా మెత్తన! అది హిట్. ఇవాళ్టికీ ఆడుతోంది.

రెండింటిలోనూ సుఖం ఉంది. ఒకదాంట్లో సుఖం పేరు పోస్టరు మీద పడింది. రెండోదాంట్లో ప్లేబ్యాక్ పాడింది. తెర మీద హీరోగారు పెదవి కదుపుతుంటే వెనక గొంతు బాలుదని మనకి తెలియదా? తెలుసు. అయినా బాలూనే లాక్కొచ్చి తెర మీద నిలబెట్టమని ఎవరం అడిగాం? బూటు విషయంలోనూ కుర్రకారు కోరేది అదే అనిపిస్తుంది నాకు. సుఖం ఉండాలి... కనపడకూడదు!

నెత్తురు మేజోడు

ఎయిర్ జోర్డాన్ 1 సంగతికొద్దాం. 1984లో మైకేల్ జోర్డాన్ అనే ఇరవై ఒక్కేళ్ళ కుర్రాడు నైకీతో ఒప్పందం చేసుకున్నాడు. నిజానికి అతని మనసు అడిదాస్ మీద ఉంది. ఆ ఒప్పందం కథే 2023లో బెన్ ఆఫ్లెక్ తీసిన 'ఎయిర్' చిత్రం. చూడనివాళ్ళు చూడండి. బాస్కెట్‌బాల్ ఆట దాదాపు లేని బాస్కెట్‌బాల్ సినిమా అది. జోర్డాన్ పాత్రధారి మొహం కూడా చూపించరు. బొమ్మంతా అతని తల్లి డెలోరిస్ గారిది. వయోలా డేవిస్ వేసింది ఆ పాత్ర. ఆ అమ్మగారు పట్టుపట్టిందేమిటి? నా కొడుకు పేరుతో అమ్మే ప్రతి జత మీదా నా కొడుక్కి వాటా ఉండాలని. ఫోను పట్టుకుని ఆవిడ ఆ మాట చెబుతుంటే, పాపం, ఆ చక్ టేలర్ గుర్తుకొస్తాడు. ఆయన తరఫున ఇలా మాట్లాడే అమ్మ లేకపోయింది.

పీటర్ మూర్ గీసిన ఆ బూటు 1985లో 65 డాలర్లకి మార్కెట్లోకొచ్చింది. ఎరుపు, నలుపు. ఎన్‌బీఏ లీగువాళ్ళు ఆ రంగులు కుదరవన్నారు. ఆటకి 5,000 డాలర్లు జుర్మానా అని ప్రచారం. నిజానికి అభ్యంతరం వచ్చింది జోర్డాన్ అంతకు ముందు తొడిగిన 'ఎయిర్ షిప్' అనే జత మీదని తర్వాత తవ్వినవాళ్ళు చెబుతారు. నైకీకి ఆ తేడాతో పనేముంది? 'నిషేధం' అన్న మాటతోనే ప్రకటన తీసేసింది. సెన్సారు కత్తెర పడిందంటే మ్యాట్నీ హౌస్‌ఫుల్ కాదూ మన దగ్గర! మొదటి ఏడాది అమ్మకాలు పది కోట్ల డాలర్లు దాటాయి.

మరి ఆ బూటు సుఖంగా ఉండేదా? దానికి సాక్షి జోర్డానే.

1998 మార్చి 8. న్యూయార్క్, మాడిసన్ స్క్వేర్ గార్డెన్. షికాగో బుల్స్ జట్టు మనిషిగా ఆ మైదానంలో అతనికి అదే చివరి ఆట. సెంటిమెంటు కోసమని అలమారలోంచి తన తొలి రోజుల నాటి ఎయిర్ జోర్డాన్ 1 జత తీసి తొడిగాడు. పదమూడేళ్ళలో బూట్ల విద్య ఎంత ముందుకెళ్ళిందో ఆ రాత్రి అతని పాదాలకి తెలిసింది. సగం ఆటకే కాళ్ళు నెత్తురోడాయి. అయినా ఆట బాగా సాగుతోందని విప్పలేదు. 42 పాయింట్లు కొట్టాడు, జట్టు గెలిచింది. ఆట అయ్యాక బూటు విప్పితే మేజోడు నెత్తురుతో తడిసి ఉంది. 2020లో వచ్చిన 'ది లాస్ట్ డాన్స్' డాక్యుమెంటరీలో తనే నవ్వుతూ చెప్పాడు ఈ మాట.

ఎవరు? ఆ బూటు మీద పేరున్నవాడు! ఇవాళ అదే నమూనా వేసుకుని, 'ఆహా ఎంత హాయిగా ఉందో' అని స్నేహితుల దగ్గర గొప్పలు పోయే తమ్ముళ్ళు ఈ సంగతి ఒకసారి చదువుకోవాలి.

గాలి కొట్టు... ఎగిరిపడు

1989లో రీబాక్ 'పంప్' అని ఒకటి తెచ్చింది. నాలుక మీద నారింజరంగు బంతి. దాన్ని నొక్కుతుంటే లోపల గాలి సంచీలు ఉబ్బి పాదాన్ని పట్టుకుంటాయి. 170 డాలర్లు. 1991లో డంక్ పోటీలో డీ బ్రౌన్ అనే ఆటగాడు కోర్టు మధ్యలో వంగి, అందరూ చూస్తుండగా ఆ బంతులు టపటపా నొక్కి, పరుగెత్తుకెళ్ళి, మోచేతితో కళ్ళు మూసుకుని బంతిని వలలో దిగ్గొట్టాడు! సుఖం కోసమని చేసిన ఏర్పాటుని షోకుగా మార్చడం అంటే ఇదే. గాలి కొట్టడం వల్ల ఎక్కువ ఎగిరాడా అంటే... ఎగిరింది బూటు కంపెనీ అమ్మకాలు.

హైటాప్ చీలమండని కాపాడుతుందని కదా పుట్టిన నాటి నుంచీ మాట? 1993లో అమెరికాలో దాన్ని పరీక్షించి చూశారు. కాలేజీ ఆటగాళ్ళు 622 మందిని మూడు గుంపులు చేశారు. ఒకరికి హైటాప్, ఇంకొకరికి గాలి సంచీల హైటాప్, మూడోవాళ్ళకి పొట్టి బూట్లు. సీజన్ అంతా ఆడించి లెక్క చూస్తే, చీలమండ గాయాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు! వందేళ్ళ నమ్మకానికి అదొక్కటే తీర్పు అనను. కాని 2008 చివర్లో కోబీ బ్రయంట్ తన కొత్త బూటు పొట్టిగా కావాలని పట్టుపట్టి చేయించుకున్నాడు. ఫుట్‌బాల్ ఆటగాళ్ళు పొట్టి బూట్లతోనే మెలికలు తిరుగుతున్నారు కదా అని అతని వాదన. ఆ సీజన్లో కప్పు అతని జట్టుదే.

హీరోయిన్ల సంగతి?

ఆడపిల్లల బూటు గురించి కంపెనీలు చాలా కాలం ఆలోచించలేదు. మగవాళ్ళ బూటుకే కొలత తగ్గించి, గులాబీ రంగు పూసి ఇచ్చేవారు. 1982లో రీబాక్ 'ఫ్రీస్టైల్' వచ్చింది. ప్రత్యేకంగా ఆడవాళ్ళ కోసమే. మెత్తటి తోలు, చీలమండ దగ్గర రెండు పట్టీలు. అదే ఏడాది నటి జేన్ ఫోండా వ్యాయామం వీడియో క్యాసెట్ ఇంటింటా ఆడటం, ఈ బూటు కాలికాలికీ ఎక్కడం ఒకేసారి జరిగాయి. న్యూయార్క్‌లో పన్నుతో కలిపి 54 డాలర్ల 11 సెంట్లు అయ్యేదని అక్కడి అమ్మాయిలు దాన్ని 'ఫిఫ్టీ ఫోర్ ఎలెవెన్' అనే పిలిచేవారు. 1985లో సిబిల్ షెపర్డ్ అనే తార ఎమ్మీ అవార్డుల సభకి నల్లటి పొడవాటి గౌను వేసుకుని, కింద నారింజరంగు ఫ్రీస్టైల్ తొడుక్కొచ్చింది. కాళ్ళు నొప్పెట్టే హీల్స్ నేను వేసుకోనని అంతకన్నా అందంగా చెప్పడం ఎవరి తరం? నా ఓటు ఆవిడకే.

1986లో 'ఏలియన్స్'. రాక్షసి జంతువుతో తలపడే సిగోర్నీ వీవర్‌కి రీబాక్‌వాళ్ళు లేసుల్లేని పొడుగాటి బూటు చేసిచ్చారు. ముప్ఫై ఏళ్ళ తర్వాత, 2016 ఏప్రిల్ 26న, ఆ బూటుని మళ్ళీ విడుదల చేశారు. ఎవరి కొలతల్లో? మగవాళ్ళ కొలతల్లో! తొడిగింది హీరోయిన్, కొనాల్సింది హీరోలా అని అభిమానులు దులిపి వదిలారు.

రీ-రిలీజు జాతర

రెట్రో బూటంటే ఏమిటి? మన 'పోకిరి'ని 2022 ఆగస్టులో మళ్ళీ వేస్తే థియేటర్లు దద్దరిల్లాయే, అదే. ఎయిర్ జోర్డాన్ 1ని మొదటిసారి 1994లో రీ-రిలీజ్ చేస్తే మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. తగ్గింపు ధరల బుట్టలో పడింది. జ్ఞాపకం పండటానికి కొంత కాలం పడుతుంది మరి. 2020లో జోర్డాన్ స్వయంగా ఆడిన 1985 నాటి జత వేలంలో 5,60,000 డాలర్లు పలికింది.

ఈ పిచ్చికి చేదు ముఖం కూడా ఉంది. స్పైక్ లీ 1989లో తీసిన 'డూ ది రైట్ థింగ్'లో ఒక కుర్రాడి కొత్త తెల్ల జోర్డాన్‌ని సైకిలువాడు తొక్కుతాడు. చిన్న మరక. దానికి వీధి వీధంతా మూగుతుంది. నవ్వొస్తుంది, వెంటనే భయమూ వేస్తుంది. ఆ భయం ఊహ కాదు. అదే ఏడాది మేరీలాండ్ రాష్ట్రంలో పదిహేనేళ్ళ పిల్లవాణ్ణి అతని ఎయిర్ జోర్డాన్ బూట్ల కోసం తోటివాడు చంపేశాడు. మరుసటి ఏడాది ఒక పెద్ద క్రీడా పత్రిక ఇలాంటి దాడులనే ముఖచిత్ర కథనం చేసింది. ఆ రోజుల్లో జత ఖరీదు వంద డాలర్లు పైచిలుకు. దుకాణం అద్దాల వెనక పెట్టి, తెర మీద పది అడుగుల ఎత్తున చూపించి, 'ఇది లేకపోతే నువ్వెవడివి?' అని పేదపిల్లల్ని నిలేసినవాళ్ళకి ఆ రక్తంతో సంబంధం లేదనడానికి నాకు నోరు రావడం లేదు.

దాచుకునేవాళ్ళకీ ఒక మాట. జోర్డాన్ 3, 4 లాంటి జతల్లో అడుగున ఉండే పాలీయురిథేన్ నురగ అట్ట గాల్లో తేమ తాకి కొన్నేళ్ళకి తనంతట తనే పొడిపొడి అవుతుంది. పెట్టెలో దాచినా ఆగదు. మన విశాఖ, కాకినాడల ఉక్కలో అయితే ఇంకా తొందర. వేసుకోని బూటు కూడా అరుగుతుందన్నమాట!

మీరు కొనేటప్పుడు

ఇంత విన్నాక కూడా కొంటారని తెలుసు. కొనండి. కాకపోతే సాయంత్రం పూట కొనండి. పొద్దుటికన్నా సాయంత్రానికి పాదం కాస్త ఉబ్బుతుంది, అప్పుడు సరిపోయిందే నిజంగా సరిపోయినట్టు. చక్ టేలర్ కొలత మామూలు కన్నా అర సైజు పెద్దగా ఉంటుంది కనక రెండూ తొడిగి చూడండి. పాదం వెడల్పయితే పొడుగు పెంచి సర్దుకోకండి, మడమ జారి బొబ్బ లేస్తుంది. దళసరి నూలు మేజోళ్ళు తప్పనిసరి. పై చిల్లు ఒకటి వదిలేసి లేసు కడితే చీలమండ ఊపిరి పీల్చుకుంటుంది, చూడటానికీ బాగుంటుంది. కొత్తలో గంట, రెండు గంటలు చొప్పున ఇంట్లో వేసుకుని అలవాటు చేయండి. కాలేజీ టూరుకి వెళ్ళే రోజే పెట్టె విప్పకండి. పొద్దున లేచి నేల మీద కాలు పెట్టగానే మడమలో పోటు వచ్చేవాళ్ళు పల్చటి చదును అట్ట జోలికి పోకండి. మే నెల ఎండలో తోలు హైటాప్ కన్నా కాన్వాసు నయం.

'బ్యాక్ టు ది ఫ్యూచర్' రెండో భాగంలో, 1989లో, మైకేల్ జె. ఫాక్స్ కాలు పెట్టగానే లేసులు తమంతట తామే బిగుసుకునే హైటాప్ చూపించారు. సుఖం, షోకు రెండూ ఒకే బూటులో! టింకర్ హాట్‌ఫీల్డ్ ఊహ అది. 2016లో నైకీ నిజంగానే అలాంటివి చేసింది. ఎన్ని? 89 జతలు. లోకమంతటికీ!

మిగిలినవాళ్ళం వంగి కట్టుకోవాల్సిందే. అమెరికావాడు పొద్దున కట్టి రాత్రి విప్పుతాడు. మనకి ఇంటి గడప, గుడి మెట్లు, పెళ్ళి భోజనాల వరస, స్నేహితుడి వాళ్ళ హాలు... రోజుకి ఆరుసార్లు విప్పి కట్టాలి. ఈ మధ్య పక్కన జిప్పు పెట్టిన హైటాప్‌లు కూడా వస్తున్నాయి. అసలైన రెట్రో అభిమానులు వాటిని చూసి మొహం చిట్లిస్తారు. ఒక్కసారి తిరుపతిలో చెప్పుల స్టాండు ముందు, వెనక క్యూ తోస్తుండగా, ఒంటికాలి మీద నిలబడి పదహారు చిల్లుల్లోంచి లేసు లాగమనండి వాళ్ళని!